మాట దిద్దే మర్యాద

నాలుగు అక్షరాలు బాగా వచ్చినవాళ్లకు ఒక అలవాటు తొందరగా పట్టుకుంటుంది. ఎదుటి మనిషి ఏం చెబుతున్నాడో అర్థమయ్యే లోపే, ఎక్కడ తప్పు పలికాడో చెవిన పడుతుంది. చెవిన పడ్డాక నోరు ఊరుకోదు. ‘అది అట్లా అనకూడదు, ఇట్లా అనాలి’ అనేస్తాం. మన ఉద్దేశం మంచిదే కావచ్చు. అయితే ఆ మాట పడిన మనిషి తర్వాత ఏం చేస్తాడో గమనించండి. చాలాసార్లు చెప్పదలుచుకున్నది సగంలో ఆపేస్తాడు. ఇంకోసారి మన ముందర నోరు తెరవడానికి వెనకాడతాడు. తప్పు పోయిందో లేదో తెలియదు గానీ, మాట మాత్రం పోయింది.

ఈ అధ్యాయంలో చెప్పదలుచుకున్నది ఒక్కటే. మీరు దిద్దిన తర్వాత ఆ మనిషి మునుపటికంటే ధైర్యంగా మాట్లాడాలి, ధైర్యంగా రాయాలి. అట్లా జరిగితే మీ దిద్దుబాటు ఫలించినట్టు. అతను ముడుచుకుపోతే, మీరు చెప్పిన వ్యాకరణం ఎంత సరైనదైనా సరే, పని చెడింది.

ఉదాహరణలన్నీ పూతలపట్టు చుట్టుపక్కల నుంచే తీసుకుంటాను. చిత్తూరు నుంచి వచ్చే దారి తిరుపతి వైపు, కడప వైపు చీలే ఊరు ఇది. కాణిపాకం వినాయకుడి దర్శనానికి వచ్చే భక్తులు, మామిడికాయల కాలంలో పనికి వచ్చే తమిళులు, ఉద్యోగాల మీద కోస్తా నుంచి వచ్చిన టీచర్లు, బ్యాంకు వాళ్లు, పండక్కి బెంగళూరు నుంచి దిగే మనవళ్లు, ఇంతమంది తెలుగు ఇక్కడ ఒకచోట వినిపిస్తుంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు కొన్ని తాలూకాలు ఉత్తర ఆర్కాటు నుంచి, కొన్ని కడప నుంచి వచ్చి చేరాయి. 1953 దాకా ఇదంతా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రం వైపు పోయింది, కొన్ని ఊళ్లు ఇటు వచ్చాయి. హద్దులు మారాయి గానీ ఇళ్లల్లో భాషలు మారలేదు. ఒక ఇంట్లో తెలుగు, పక్కింట్లో తమిళం, ఆ పక్కింట్లో ఉర్దూ వినిపించే వీధిలో ‘సరైన తెలుగు’ అనే మాట వాడే ముందు ఎవరైనా కాస్త ఆగాలి.

1. అది తప్పా, యాసా? ముందు తేల్చుకోండి

మూడో తరగతి గది. ముందు రోజు బడికి ఎందుకు రాలేదని టీచరు అడిగింది. పిల్లవాడు లేచి నిలబడ్డాడు. ‘మా నాయన మండీకి పోయినాడు టీచర్. ఆవును నేనే చూసుకుంటి.’ కోస్తా నుంచి కొత్తగా వచ్చిన టీచరు వెంటనే అంది: ‘నాయన కాదు, నాన్నగారు. పోయినాడు కాదు, వెళ్లారు. చూసుకుంటి కాదు, చూసుకున్నాను.’ పిల్లవాడు తల ఊపి కూర్చున్నాడు. ఆవు సంగతి ఎవరూ అడగలేదు.

ఆ పిల్లవాడు పలికిన రెండు వాక్యాల్లో తప్పు ఒక్కటీ లేదు. ‘పోవడం’ కొన్ని ప్రాంతాల్లో మొరటుగా, ఒక్కోసారి అశుభంగా వినిపించవచ్చు. రాయలసీమలో అది మామూలు మాట. ‘పోయినాడు, చేసినాడు, చెప్పినాడు’ అనే రూపాలు పల్లెటూరి మాటలని చాలామంది అనుకుంటారు. నిజానికి పాత గద్యంలో కనిపించేవి అవే. ‘చేశాడు, చెప్పాడు’ అన్నవి వాటి నుంచి కురచైన రూపాలు. పాత రూపాన్ని నిలుపుకున్న పిల్లవాడిని కొత్త రూపం తెలిసిన పెద్దమనిషి దిద్దడం ఎంతవరకు న్యాయం?

ఇక మర్యాద సంగతి. ఇక్కడి పల్లెల్లో కొడుకు తండ్రిని ‘నాయనా, నువ్వు అన్నం తింటివా?’ అని అడుగుతాడు. ‘మీరు’ అనలేదని గౌరవం లేదనుకుంటే పొరపాటు. ఆ ఇంట్లో గౌరవం గొంతులో ఉంటుంది, తండ్రి కూర్చునే దాకా ముద్ద ముట్టకపోవడంలో ఉంటుంది. ఆ ‘నువ్వు’ను ‘మీరు’గా మార్చమని పిల్లవాడికి చెబితే, వాడు ఇంటికి పోయి తన నాయనను పరాయివాడిని పిలిచినట్టు పిలవాలి.

యాసను తప్పు నుంచి విడదీయడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. ఆ మాటను ఆ ఊళ్లో పెద్దవాళ్లు, ఆడా మగా, అదే తీరుగా అంటారా? అంటే అది ఆ ఊరి భాష. దాని జోలికి పోవద్దు. ఆ ఒక్క మనిషే, ఆ ఒక్కసారే అట్లా అన్నాడంటే అది పొరపాటు కావచ్చు. ఈ పరీక్ష వెనక పెద్ద పరిశోధనే ఉంది. భాషా శాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఊరూరా రైతుల నోట వినిపించే వ్యవసాయ పదాలను సేకరింపజేసి, 1962లో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం తెచ్చారు. తెలుగు నేలను ఉత్తర, దక్షిణ, తూర్పు, మధ్య మండలాలుగా గుర్తించారు. మనది దక్షిణ మండలం. పత్రికల్లో, పాఠ్యపుస్తకాల్లో ఈనాడు చూసే ప్రామాణిక భాష ఎక్కువగా మధ్య మండలంలో చదువుకున్నవాళ్ల వాడుక మీద నిలబడింది. అది పదిమందికి పనికొచ్చే ఉమ్మడి భాష. నేర్చుకోవాలి, నేర్పించాలి. అంతమాత్రాన మిగతా మూడు మండలాల వాళ్లు పుట్టుకతో తప్పు మాట్లాడుతున్నట్టు కాదు.

మరి ఆ టీచరు ఏం చేసి ఉండాల్సింది? ముందు ఆవు సంగతి అడగాలి. పాలు నువ్వే పితికినావా, మేత ఎవరు వేశారు అని రెండు మాటలు మాట్లాడించాలి. ఆ తర్వాత తెలుగు గంటలో నల్లబల్ల మీద నిలువుగా ఒక గీత గీసి, ఒకవైపు ‘మనింట్లో’ అని, ఇంకోవైపు ‘పరీక్షలో’ అని రాయాలి. పోతా ఉండాను, వెళ్తున్నాను. యాడుంది, ఎక్కడుంది. పిలకాయలు, పిల్లలు. బిన్నా రా, త్వరగా రా. ఎడమ వైపు నింపే పని పిల్లలకే అప్పగించాలి. వాళ్లకు తెలిసిన మాటలు బల్ల మీదికి ఎక్కడంతోనే సగం బెరుకు పోతుంది. ఉన్న మాటను లాక్కోకుండా కొత్త మాటను చేర్చడం ఇట్లా ఉంటుంది.

2. గిడుగు నేర్పిన పాఠం

తెలుగులో ‘ఇది తప్పు, ఇది ఒప్పు’ అనే తగాదా పెద్ద ఎత్తున ఒకసారి జరిగింది. దాన్నుంచి మర్యాద నేర్చుకోవచ్చు.

పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వచ్చింది. పాత కవుల ప్రయోగాలు ఆధారంగా కట్టిన శాస్త్రం అది. తర్వాతి కాలపు పండితులు ఆ నియమాలనే బడి పుస్తకాలకూ, పిల్లల రాతలకూ కొలతగా పెట్టారు. జనం మాట్లాడే తెలుగును గ్రామ్యం అన్నారు. 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు. పిల్లవాడు వినని, పలకని భాషలో వాడిచేత రాయించడం వాడి చదువుకు అడ్డమని ఆయన గట్టిగా నమ్మారు. ఊరికే వాదించలేదు. గ్రాంథికం తప్ప వేరే తెలుగు పనికిరాదన్న పండితుల పుస్తకాలే ముందు పెట్టుకుని, వాళ్లు రాసిన గ్రాంథికంలో వాళ్ల నియమాల ప్రకారమే ఎన్ని తప్పులున్నాయో ఎత్తి చూపారు. ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం’ అట్లా పుట్టిన పుస్తకం. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడన్న సామెత ఆ పండితుల విషయంలో నిజమైంది.

ఇందులో మనకు కావలసిన పాఠాలు రెండు. మొదటిది, నియమాలన్నీ తెలిసిన పండితుడు కూడా తప్పు రాస్తాడు. కాబట్టి ఇంకొకరి తప్పు చూసినప్పుడు మన గొంతు లేవాల్సిన అవసరం లేదు. రెండోది ఇంకా ముఖ్యం. గిడుగు ఎవరి తప్పులు ఎత్తి చూపారు? బడిపిల్లలవి చూపలేదు, కూలివాళ్లవి చూపలేదు. పదిమంది మీద నియమాలు రుద్దే అధికారం చేతిలో ఉన్నవాళ్లవి చూపారు. అదే మనిషి సవర గిరిజనుల దగ్గరికి వెళ్లినప్పుడు, ముందు తాను వాళ్ల భాష నేర్చుకున్నారు. వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలోనే వాచకాలు తయారు చేశారు. పైవాళ్లతో వాదన, కిందివాళ్ల దగ్గర వినడం. ఆయన నడిచిన తీరు అది.

ఏటా ఆగస్టు 29న ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటాం. బడుల్లో ఆ రోజు వక్తృత్వ పోటీలు పెడతారు. పోటీకి న్యాయనిర్ణేతగా కూర్చునే వాళ్లకు ఒక విన్నపం. మైకు ముందు యాసలో మాట్లాడిందని ఏ పిల్లకూ మార్కులు తగ్గించకండి. చెప్పిన విషయానికి, చెప్పిన తీరుకు మార్కులు వేయండి. గిడుగు పేరు మీద జరిగే పండగలో ఇంటి మాటకు శిక్ష పడకూడదు.

ఇంటి మాట ఏం ఇవ్వగలదో మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనే చూడండి. 1923లో కొట్రకోనలో పుట్టిన కె. సభా అసలు పేరు కనకసభ పిళ్లై. తెలుగులో కథలు, నవలలు, పిల్లల పుస్తకాలు రాశారు. దామలచెరువులో ఉంటూ పిల్లలకు చదువు చెప్పిన మధురాంతకం రాజారాం గారికి ఈ నేల మనుషుల కథలకే 1993లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. నామిని సుబ్రమణ్యం నాయుడు తిరుపతి పక్కనున్న మిట్టూరి మాటనే కథ భాషగా చేసి ‘మిట్టూరోడి కతలు’ రాస్తే, తెలుగు దేశమంతా చదివింది. చిన్నప్పుడు వాళ్ల మాటను ఎవరో పూర్తిగా తుడిచేసి ఉంటే ఆ కథలు మనకు దక్కేవా?

3. తప్పకుండా దిద్దాల్సిన చోట్లు

ఇంతవరకు చదివి, ఇక ఎవరినీ ఏమీ అనకూడదేమో అనుకోకండి. మౌనం ద్రోహమయ్యే సందర్భాలున్నాయి. తప్పు వల్ల ఆ మనిషికి నష్టం జరగబోతుంటే, నష్టం జరగక ముందే చెప్పాలి.

శుభలేఖ ఒక ఉదాహరణ. డీటీపీ షాపులో కంప్యూటర్ ముందు పెళ్లికొడుకు మేనమామ ప్రూఫు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మీరు జిరాక్సు కోసం వెళ్లారు. ‘రేయ్ అబ్బయ్యా, నువ్వు చదువుకున్నోడివి, ఒకసారి చూడు’ అని కాగితం చేతికిచ్చాడు. అడిగి ఇచ్చాడు కాబట్టి మీకు హక్కు వచ్చింది. ఇప్పుడు వరస తెలుసుకోండి. ముందు తేదీ, వారం సరిపోయాయా చూడండి. తర్వాత ముహూర్తం వేళ, కల్యాణ మంటపం పేరు, ఫోన్ నంబరు. ఆ తర్వాత మనుషుల పేర్లు. చివర్న అక్షరాలు. ‘జేష్ఠ పుత్రుడు’ అని ఉంటే ‘జ్యేష్ఠ’ చేయించండి. ‘ముహుర్తము’లో దీర్ఘం పెట్టించండి. ‘కల్యాణం’ అనాలా, ‘కళ్యాణం’ అనాలా అని మాత్రం తగాదా పెట్టుకోకండి, రెండూ వాడుకలో ఉన్నాయి. చెప్పేటప్పుడు ‘మామా, కార్డు బాగా కుదిరింది. ప్రెస్సుకు పోయే లోపల ఈ రెండు అక్షరాలు మార్పిస్తే ఇంకేం చూడక్కర్లేదు’ అంటే చాలు.

అదే కార్డు అచ్చయి, పసుపు పెట్టి, మీ ఇంటికి వచ్చి మీ చేతిలో పెట్టినప్పుడు? తేదీయో, మంటపమో తప్పు పడితే ఇంటాయనను పక్కకు పిలిచి చెప్పండి. దీర్ఘం పోయినా, ఒత్తు పోయినా మాట్లాడకండి. ఆ ఘడియలో అది చెప్పినందువల్ల బాధ తప్ప ఏమీ రాదు.

ఇంకా గట్టిగా పట్టించుకోవాల్సింది మనుషుల పేర్లను. ఆధార్‌లో మునెమ్మ, పట్టాదారు పాసుపుస్తకంలో మునియమ్మ అని ఉంటే, ఇద్దరూ ఒకరేనని రుజువు చేసుకోవడానికి ఆ ముసలామె ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఇట్లాంటి తేడా కనిపిస్తే మొహమాటం వద్దు, అప్పుడే చెప్పండి. అయితే ఇక్కడే చదువుకున్నవాళ్లు ఎక్కువ చెరుపు చేసేది కూడా. తండ్రి కాలం నుంచి ‘సిద్దయ్య’ అని రాసుకుంటున్న పేరుకు, దరఖాస్తు రాసిపెట్టే మనిషి తన పాండిత్యం కొద్దీ ‘సిద్ధయ్య’ అని ఒత్తు చేరుస్తాడు. వ్యాకరణం ప్రకారం బాగానే ఉంటుంది. పాత కాగితానికి, కొత్త కాగితానికి పొత్తు మాత్రం కుదరదు. పేరు విషయంలో నియమం ఒకటే: ఆ పేరుగల మనిషి ఎట్లా రాస్తే అదే ఒప్పు. ‘పెద్దాయనా, మీ పాత కాగితంలో ఎట్లా ఉందో చూపించండి’ అని అడిగి, అందులో ఉన్నది ఉన్నట్టు దించండి.

మూడోది, ఇంటర్వ్యూకు పోయే పిల్లలు. చెన్నైకో బెంగళూరుకో పోయే కుర్రవాడు ‘మైసెల్ఫ్ ఫలానా’ అని మొదలుపెడతాడని తెలిసీ చెప్పకపోవడం స్నేహం అనిపించుకోదు. వారం ముందే చెప్పండి. బస్సెక్కే ముందు రాత్రి పది తప్పులు ఏకరువు పెడితే, మరుసటి రోజు వాడు వచ్చిన ఇంగ్లీషు కూడా మరిచిపోతాడు. ఒకటో రెండో, మొదటి నిమిషంలో వినపడేవి మాత్రం చెప్పి, నాలుగుసార్లు పలికించండి.

4. నోరు కట్టుకోవాల్సిన చోట్లు

కూడలిలో ఫ్లెక్సీ కట్టి ఉంటుంది. మోటారుసైకిల్ మీద పోతూ ప్రాణం పోగొట్టుకున్న కుర్రవాడి ఫొటో. పైన ‘శ్రద్దాంజలి’ అని ఉంటుంది, ఒత్తు లేకుండా. దాన్ని ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టి ‘తెలుగు ఎట్లా అయిపోతా ఉంది చూడండి’ అని రాసేవాళ్లున్నారు. ఆ గ్రూపులో ఆ కుర్రవాడి అన్న ఉంటాడు. ఆ ఫ్లెక్సీకి డబ్బులు పోగేసిన స్నేహితులుంటారు. దుఃఖంలో ఉన్న మనిషి మాటకు వ్యాకరణం చూడకూడదు. ఇందులో మినహాయింపు లేదు.

కోపంలో ఉన్నవాళ్ల మాట కూడా అంతే. గ్రామసభలో ఒకామె లేచి, బోరు పాడై నెల దాటిందని అడుగుతోంది. ఆమె మాటలో ఏదో పదం తారుమారైంది. ఎవరో నవ్వి ఆ పదాన్ని సరిచేశారు. నలుగురూ నవ్వారు. బోరు సంగతి పక్కకు పోయింది. ఎదుటివాళ్ల ప్రశ్నకు జవాబు చెప్పలేనప్పుడు వాళ్ల భాషను పట్టుకోవడం అన్యాయం. మీ పక్కన అట్లా జరుగుతుంటే నవ్వులో కలవకండి. ‘ఆమె అడిగిందానికి ముందు జవాబు చెప్పండి’ అనండి. ఎదుటివాళ్ల భాషకు మనం చేయగలిగిన మేలు కొన్నిసార్లు అంతే.

మైకు ముందు ఉన్నవాళ్లను, పిల్లల ముందు వాళ్ల తల్లిదండ్రులను, పనివాళ్ల ముందు మేస్త్రీని, అల్లుడి ముందు మామను దిద్దవద్దు. ‘భాష’ను ‘బాస’ అని, ‘శనివారం’ను ‘సెనివారం’ అని పలికేవాళ్లను ఆపవద్దు. ఒత్తు అక్షరాలు, శ, ష తెలుగులోకి ఎక్కువగా సంస్కృతం వెంట వచ్చినవే. పలుకులో అవి తేలిపోతే అర్థానికి లోటు రాదు. రాతలో నేర్పితే సరిపోతుంది.

5. చెప్పాల్సి వస్తే ఎట్లా చెప్పాలి

పద్ధతి నాలుగు మెట్లలో ఉంది.

మొదటి మెట్టు, విషయానికి జవాబివ్వండి. ఎదుటి మనిషి చెప్పినదాన్ని మీరు విన్నారని అతనికి తెలియాలి. దిద్దుబాటు ఎప్పుడూ రెండో వాక్యమే కావాలి, మొదటిది కాకూడదు.

రెండో మెట్టు, అనుమతి అడగండి. ‘ఒక మాట చెప్పేదా?’ అంటే చాలు. వద్దంటే వదిలేయండి. నొచ్చుకోకండి.

మూడో మెట్టు, ఒక్కటే చెప్పండి. పేజీలో పదిహేను తప్పులున్నా, ఎక్కువసార్లు వచ్చేది ఏదో చూసి అదొక్కటి చెప్పండి. పదిహేనుకూ ఎర్రసిరా పెట్టిన కాగితాన్ని పిల్లవాడు మడిచి సంచిలో అడుగున పెడతాడు, చదవడు.

నాలుగో మెట్టు, వదిలేయండి. చెప్పాక మళ్లీ మళ్లీ గుర్తు చేయడం, అందరిలో ‘ఆ రోజు వీడు ఏమన్నాడో తెలుసా’ అని కథగా చెప్పడం, ఇవి చేసిన మేలునంతా చెరిపేస్తాయి.

మాట్లాడేటప్పుడు దిద్దడానికి ఇంకో మృదువైన దారి ఉంది. తప్పును ఎత్తి చూపకుండా, సరైన రూపాన్ని మన జవాబులో కలిపి పలకడం. వినాయక చవితికి కాణిపాకం బ్రహ్మోత్సవాలు 21 రోజులు జరుగుతాయి. ఆ రోజుల్లో అమెరికా నుంచి వచ్చిన మనవడు ‘అవ్వా, నేను నీళ్లు తాగింది’ అంటాడు. అవ్వ నవ్వి, ఇంటిల్లిపాదినీ పిలిచి వాడిచేత మళ్లీ అనిపించి నవ్వితే, వాడు సాయంత్రానికి ఇంగ్లీషులోకి వెళ్లిపోతాడు. మళ్లీ తెలుగులోకి రాడు. అదే అవ్వ ‘తాగినావా నాయనా, ఇంకొంచెం తాగుతావా?’ అంటే, వాడి చెవిన సరైన మాట పడింది, మనసు నొవ్వలేదు. అక్కడి తెలుగు పిల్లల కోసం సిలికానాంధ్ర 2007 నుంచి మనబడి నడుపుతోంది. వారాంతాల్లో అక్కడ కష్టపడి నేర్చుకున్న మాటలు ఊరికి వచ్చాక ఒక నవ్వు దెబ్బకు పోకూడదు.

అయితే ఈ మృదువైన పద్ధతికి ఒక పరిమితి ఉంది. కెనడాలో ఫ్రెంచి నేర్చుకునే బడిపిల్లల తరగతులను లిస్టర్, రాంటా అనే పరిశోధకులు గమనించి 1997లో ఫలితాలు ప్రచురించారు. అక్కడి టీచర్లు సగానికి పైగా సందర్భాల్లో ఇట్లాగే సరైన రూపాన్ని తమ మాటలో కలిపి చెప్పేవారు. కానీ ఆ పద్ధతిలో పిల్లలు తప్పును గుర్తించి సరిచేసుకోవడం తక్కువ. ‘మళ్లీ చెప్పు’ అని అడిగినప్పుడో, చిన్న సూచన ఇచ్చి ఆగినప్పుడో వాళ్లంతట వాళ్లు దిద్దుకున్నారు. దీన్నిబట్టి మనం చేయాల్సింది ఇది: ఊరికే మాట్లాడుకునేటప్పుడు సరైన మాటను కలిపి పలికి ఊరుకోండి. నేర్పమని అడిగి వచ్చినవాళ్లకు మాత్రం జవాబు అందించకండి. సూచన ఇచ్చి, ఆగి, వాళ్ల నోటితోనే చెప్పించండి. అట్లా వచ్చినదే నిలుస్తుంది.

మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనికి వచ్చిన తమిళ సోదరుడి విషయంలో ఇంకొంచెం ఓర్పు కావాలి. తమిళంలో ‘అక్క వచ్చింది’కి ఒక క్రియ, ‘బస్సు వచ్చింది’కి ఇంకో క్రియ. తెలుగులో రెండింటికీ ఒకటే. ఆ తికమకలో అక్కను ‘వచ్చినాడు’ అనేస్తాడు. పరాయి భాషలో మనతో మాట్లాడటమే అతను మనకిచ్చిన గౌరవం. మనం తమిళంలో రెండు వాక్యాలు పలికి చూస్తే ఆ గౌరవం విలువ తెలుస్తుంది.

6. వరసను బట్టి మాట

ఒకే దిద్దుబాటును అందరికీ ఒకే తీరుగా చెప్పలేం.

పెద్దవాళ్లకు చెప్పాల్సి వస్తే ప్రశ్నగా చెప్పండి, కాగితం మీద చెప్పండి. ‘నాయనా, ఈ పదం ఇట్లా ఉండాలేమో, నువ్వు ఒకసారి చూడు’ అంటే నిర్ణయం ఆయన చేతిలోనే ఉంటుంది. ఆయన ఒప్పుకోకపోతే వాదించకండి. దరఖాస్తు చెల్లకుండా పోయే తప్పయితే అర్జీలు రాసే అనుభవం ఉన్న ఇంకో పెద్దమనిషికి చూపించమనండి.

భార్యాభర్తల మధ్య ఇది ఇంకా సున్నితం. గుంటూరు నుంచి పూతలపట్టుకు వచ్చిన కోడలు ‘అత్తయ్యగారూ, రండి’ అంటుంది. ఇక్కడి వాళ్లకు ఆ ‘అండి’ నటనలా తోస్తుంది. అత్త ‘ఏందమ్మే, ఈడికి రా’ అంటుంది. కోడలికి అది కసురుకున్నట్టు ఉంటుంది. ఇద్దరూ ప్రేమగానే మాట్లాడారు. ఇక్కడ దిద్దాల్సింది ఎవరి భాషనూ కాదు. భర్త ఇద్దరికీ చెరొక మాట చెప్పాలి: ‘వాళ్లూళ్లో అట్లా అంటారమ్మా, అది మర్యాద’ అని తల్లికి, ‘మా అమ్మ అట్లా పిలిచిందంటే నిన్ను కూతురుగా చూస్తున్నట్టు’ అని భార్యకు. భార్య మాటను అనుకరించి స్నేహితుల ముందు నవ్వించే భర్త, ఆమెను ఆ ఇంట్లో ఎప్పటికీ పరాయిదాన్ని చేస్తాడు.

పిల్లలకు చెప్పేటప్పుడు మెచ్చుకోలు అబద్ధం కాకూడదు. ‘నీ వ్యాసంలో సంత గురించి రాసిన పేరా చదువుతుంటే కళ్లకు కట్టింది’ అని నిజంగా బాగున్నది చూపించి, తర్వాత ఒక తప్పు చెప్పండి. బాగున్నది ఏదో తెలిస్తేనే బాగులేనిది దిద్దుకోవాలన్న కోరిక పుడుతుంది.

7. మనల్ని దిద్దినప్పుడు

ఈ మర్యాదకు రెండో సగం కూడా ఉంది. ఎవరైనా మన తప్పు చెబితే మూడు మాటలు చాలు: ‘అవునా, చూస్తాను, మంచిది.’ అది మన యాస అయితే సిగ్గుపడక్కర్లేదు, కోపమూ వద్దు. ‘మా పక్క ఇట్లాగే అంటాం’ అని నవ్వుతూ చెప్పండి. నిజంగా తప్పయితే సరిచేసుకోండి. చెప్పినవాడు మీకంటే చిన్నవాడైనా సరే, వాడి ముందరే సరిచేసుకోండి. పెద్దవాళ్లు తప్పు దిద్దుకోవడం చూసిన పిల్లలకు తప్పంటే భయం పోతుంది. ఇంట్లో ఈ ఒక్క అలవాటు ఉంటే పిల్లలు ధైర్యంగా రాస్తారు.

ఈ వారం సాధన

మొదటి రెండు రోజులు ఎవరినీ దిద్దకండి. దిద్దాలనిపించిన ప్రతిసారీ ఆ మాటను ఒక పుస్తకంలో రాసుకోండి. మూడో రోజు ఆ జాబితా ముందు పెట్టుకుని ఒక్కో మాట పక్కన యాస, నోరు జారడం, రాతతప్పు, నష్టం తెచ్చే తప్పు అని గుర్తు పెట్టండి. నిజంగా చెప్పి తీరాల్సినవి ఎన్ని మిగిలాయో మీకే కనిపిస్తుంది.

నాలుగో రోజు మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, పుస్తకాల్లో కనిపించని మన ఊరి మాటలు పది రాసుకోండి. వంటింటివి, చేనువి, పశువులవి. ఐదో రోజు వాటిని పిల్లలకు చెప్పండి. ఆరో రోజు ఇంట్లో అందరి ఆధార్, పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు ముందు పెట్టుకుని పేర్లు ఒక్క తీరుగా ఉన్నాయో లేదో సరిచూడండి. తేడా ఉంటే ఆ పని ఈ నెలలోనే మొదలుపెట్టండి.

ఏడో రోజు, మీరు తరచూ దిద్దే మనిషి దగ్గర కూర్చోండి. బిడ్డ కావచ్చు, భార్య కావచ్చు, కింద పనిచేసే మనిషి కావచ్చు. పావుగంట సేపు వాళ్లు చెప్పేది మాత్రమే వినండి. తప్పులు వినిపిస్తాయి, పోనివ్వండి. ఆ పావుగంటలో ఆ మనిషి మామూలుగా చెప్పని సంగతి ఒక్కటైనా చెబుతాడు. ఆ సంగతి తెలుసుకోవడం మీకు ముఖ్యమని అతనికి నమ్మకం కలిగితే, ఆ తర్వాత మీరు చెప్పే దిద్దుబాటును మనసారా తీసుకుంటాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదని మన పెద్దలు ఊరికే అనలేదు. ముందు వినండి, తర్వాత అవసరమైతే దిద్దండి.